నౌకాధికారము – వైద్యధర్మము

నక్షత్రనౌకలు, అన్యలోకవాసులు, కాంతిని మించిన వేగముతో ప్రయాణములు – ఇట్టి సామగ్రితో నల్లిన కథలనగానే మన యిండ్లలోని పెద్దలు అవి పిల్లల వేడుకలని పెదవి విరుచుట కద్దు. మేమా మాటను పూర్తిగా త్రోసిపుచ్చము. వానిలో పెక్కింటియందు ఆయుధముల మ్రోతయే గాని మాటకు విలువ లేదు. అయినను కొన్ని, మన పౌరాణిక నాటకములవలెనే, దూరపు వేషములు దాల్చి దగ్గరి ప్రశ్నలను రంగమునకు దెచ్చును. అమెరికాలో 1992వ సంవత్సరము మార్చి నెలలో టెలివిజనున ప్రదర్శింపబడిన “ఎథిక్స్” అను కథ అట్టిది. “స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్” అను ధారావాహికలో నిది యొక భాగము. సారా చార్నో, స్టూవర్ట్ చార్నోలు కల్పించిన కథను రొనాల్డ్ డి. మూర్ నాటకముగా వ్రాసెను. పేరున కర్థము నీతిశాస్త్రమని. పేరు పెద్దది, ముప్పాతిక గంట నడచు కథ ఆ పేరును ఎంతవరకు మోయగలిగెనో చూడవలెనని మా యుద్దేశము.

ఎంటర్‌ప్రైజ్ అను నౌకలోని సరకుల కొట్టున బరువైన పెట్టెలు జారి వార్ఫ్ అను రక్షణాధికారిపై పడును. ఆతని వెన్నెముక నలిగిపోవును. నడుము మొదలు పాదములవరకు చలనము నశించును. వార్ఫ్ క్లింగాను జాతివాడు. యుద్ధమే వ్రతముగా గల ఆ జాతిలో, లేచి నిలువలేని వీరుడు బ్రతికియుండుట తనకును తనవారికిని తలవంపు. తోడివాని సాయముతో విధి ప్రకారము ప్రాణము విడుచుట వారి యాచారము. వార్ఫ్ తన మిత్రుడైన రైకరును ఆ సాయమే కోరును. ఆతనికి తల్లిలేని కొడుకొకడు గలడు. తనను ఈ స్థితిలో ఆ బాలుడు చూడరాదని తండ్రి పట్టుదల.

నౌకకు ప్రధానవైద్యురాలు బెవర్లీ క్రషర్. ఆమె టోబీ రసెల్ అను నాడీవైద్యనిపుణురాలిని సంప్రదించుటకై రప్పించును. క్రషర్ చూపు మార్గము తెలిసిన మార్గము: తొడలకు యంత్రసాధనములను తగిలించినచో పోయిన కదలికలో నూటికి అరువది పాళ్లు తిరిగి వచ్చును. రోగి దానిని రోతతో త్రోసివేయును. అప్పుడు రసెల్ తన సొంత ప్రయోగమును బయటబెట్టును. పాత వెన్నెముకను సమూలముగా తీసివేసి, రోగి శరీరధాతువుల లెక్కప్రకారము క్రొత్తదానిని యంత్రమున పెంచి అమర్చుట ఆ ప్రయోగము. అది యింతవరకు మనుష్యజాతులపై జరుగలేదు. జరుపుటకు ఆమె అనుమతి కోరగా వైద్యాధికారులు మూడుమారులు నిరాకరించిరి. ఈ సంగతి విచారించి తెలిసికొన్న క్రషర్, దిక్కుతోచని రోగి నిరాశను నీ ప్రయోగమునకు తలుపుగా వాడుకొనుచున్నావని రసెల్‌ను ముఖముననే నిందించును. అది తగిన నింద.

ఇచట కెప్టెను పికార్డ్ ప్రవేశించును. ఆతడు వైద్యురాలికి ఆజ్ఞ యిచ్చుటకు రాలేదు, నచ్చజెప్పుటకు వచ్చెను. ఆతని వాదము వినదగినది. మీవంటివారు, మావంటివారు వైకల్యముతో బ్రతుకుట నేర్చుకొందురుగాని వార్ఫ్ నేర్చుకొనలేడు. చావనెంచిన చోటినుండి కుంటి బ్రతుకు నంగీకరించు చోటివరకు ఆతడు నడువవలెనని వైద్యురాలు కోరుచున్నది. ఆ రెండింటి నడుమ నున్నది ఒక జీవితకాలపు నమ్మకముల దూరము. అంత దూరము రాలేడు, సగము రాగలడేమో. బాగుపడు అవకాశము కొంచెమైనను చూపినచో ఆచారప్రకారము చచ్చు సంకల్పమును విడుచునేమో. ఇది పికార్డ్ చెప్పిన దాని సారము. కాళ్లు లేవని వానిగూర్చి నడక పోలికనే తెచ్చుట రచయిత యెరిగి చేసెనో యెరుగక చేసెనో గాని, మాకు మాత్రము చెవిలో గుచ్చుకొన్నది.

క్రషర్ సమాధానము వైద్యశాస్త్రపు మొదటి పాఠము. రోగిని ఉన్నదానికంటె చెడగొట్టకుండుట తొలిధర్మము. వార్ఫ్ నేడు బ్రతికియున్నాడు. ఆ శస్త్రచికిత్సకు లోపలికి పోయి శవమై వెలుపలికి రావచ్చును. అందుకు కెప్టెను, అది మంచి వైద్యము కాకపోవచ్చును, ఆతనికి మిగిలిన దారి మాత్రము అదియే కావచ్చును అనును. కథలో మిక్కిలి బరువైన సంభాషణ మిదియే. పాట్రిక్ స్టువర్ట్ దీనిని గొంతు పెంచకుండ, గేట్స్ మెక్‌ఫాడెన్ కోపమును మ్రింగుచు నటించిరి. ఇరువురును మంచివారు, ఇరువురును రోగి మేలు కోరువారు. ఇక్కడ ప్రతినాయకుడు లేడు. అందువలననే చూచువాడు తీర్పు చెప్పక తప్పించుకొనలేడు.

మా తీర్పు ఇరువురకును అనుకూలము కాదు. క్రషర్ మాటలో బలమున్నది, కాని ఆమె అంతటితో నాగలేదు. ఆత్మహత్యను తాను సహింపననియు, అవసరమైనచో రోగిని అదృశ్యబంధములో నుంచి, మనసు మారువరకు కదలనీయననియు కూడ చెప్పెను. ప్రాణమును కాపాడుట వేరు, మనిషిని చెరబట్టుట వేరు. ఇంద్రియములు పనిచేయుచున్న దేహమును బ్రతికిన మనిషిగా లెక్కవేసికొని తృప్తిపడుట వైద్యులకు సులభముగా అబ్బు దోషము. ఆ దోషమునకు కెప్టెను మాట మంచి విరుగుడే.

కాని కెప్టెను మాటలో దాగినది అంతకంటె పెద్ద దోషము. వారి యాచారము వారిది, మనకు నచ్చకున్నను గౌరవింపవలెను అను ఈ వాక్యమును మన దేశమున సంస్కరణకు పూనినవారు ఎన్ని నోళ్ల వినలేదు? సహగమనమును 1829లో నిషేధించునాడు విన్నది ఇదియే. వితంతువివాహమునకు చట్టము వచ్చిన 1856లోను, రాజమహేంద్రవరమున 1881 డిసెంబరులో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిన నాడును ఎదుటివారి నోట నుండినది ఇదియే. ఆచారమును గౌరవించుట మర్యాదగా వినబడును. కాని ఆచారమునకు నోరిచ్చి, ఆ యాచారము క్రింద పడియున్న మనిషికి నోరు లేకుండ చేయుటయు అందులో కలదు. వార్ఫ్ క్లింగానుడే గాని క్లింగాను జాతి కాడు. వారి లోకమున పుట్టినను మానవులయింట పెరిగినవాడు. తనవారు కానివారి నౌకలో కొలువు చేసినవాడు. అట్టివాని కోరిక ఆతని పుట్టుకతోనే తెలిసిపోయినదని కెప్టెను ఎట్లు నిశ్చయించెను?

ఈ ప్రశ్నకు కథలోనే సమాధాన మొకటి కలదు. అది కెప్టెను నోటను లేదు, వైద్యురాలి నోటను లేదు. మిత్రుడైన రైకరు ఏమి చేయవలెనో తోచక క్లింగానుల శాస్త్రమును చదువును. చదివి, కత్తి చేతబట్టి వచ్చి, మీ విధి ప్రకారము నీ మరణమునకు తోడ్పడవలసినవాడు నేను కాను, నీ పెద్దకొడుకు అని చెప్పును. వాడు పసివాడని వార్ఫ్ అనగా, కత్తి పట్టగలిగిన నాడే కొడుకు పురుషుడని మీవారి మాటయే కదా యని రైకరు బదులిచ్చును. వార్ఫ్ మౌనము వహించును. కొడుకు చేతికి ఆ కత్తి నీయజాలడు. అక్కడనే ఆతని చచ్చు సంకల్పము విరిగిపోవును. పరాశరస్మృతిని చేతబట్టి 1855లో విద్యాసాగరులు వాదించినట్లును, శాస్త్రవాక్యములతోనే మన పంతులుగారు పండితుల నెదుర్కొన్నట్లును, రైకరు ఆచారమును ఆచారముచేతనే నిలదీసెను. ఆచారమును తలవంచి గౌరవించుట యొక పద్ధతి. కూర్చుండి చదివి, ఇది నిజముగా నీవు కోరునదేనా యని అడుగుట మరియొక పద్ధతి. రెండవదానిలోనే గౌరవ మెక్కువ యని మా యభిప్రాయము. మైకేల్ డార్న్ ఈ ఘట్టమున పలుకు లేకుండ చూపిన ముఖభావము కథకంతకును తలమానికము. ఇంతటి దానిని వ్రాసిన చేయియే, తరువాతి భాగమును అంత తేలికగా ముగించెనా యని మాకు వింతగ నున్నది.

ఇక కథలో పెక్కుమంది దృష్టికి రాని మరియొక రోగినిగూర్చి చెప్పవలెను. వానికి పేరైనను గుర్తుండదు. డెన్వర్ అను ఓడ పాతయుద్ధములో విడిచిపోయిన పేలుడుగుండును తాకి ధ్వంసమగును. గాయపడినవారు ఎంటర్‌ప్రైజ్ వైద్యశాలకు గుంపుగా వత్తురు. ఆ సందడిలో ఒక క్షతగాత్రుడు రసెల్ చేతికి వచ్చును. తెలిసిన మందులుండగా ఆమె వానికి తాను పరీక్షించుచున్న క్రొత్త మందును ఇచ్చును. వాడు మరణించును. క్రషర్ అడుగగా, వాడు ఎట్లైనను చచ్చువాడే కావచ్చును, ఈ మరణమువలన ముందు వేలమందికి మేలు కలుగును అను ధోరణిలో రసెల్ మాటలాడును. క్రషర్ తత్క్షణమే ఆమెను వైద్యకార్యమునుండి తొలగించును.

యుద్ధభూమిలో క్షతగాత్రుల చికిత్సకు క్రమమును ఏర్పరచినవారిలో అగ్రగణ్యుడు నెపోలియను సేనలోని శస్త్రవైద్యుడు డొమినిక్ లారే. సేనానియా, సామాన్యభటుడా, శత్రువా యని చూడక, గాయపు తీవ్రతనుబట్టియే ముందువెనుకలు నిర్ణయింపవలెనని ఆయన నియమము. ఆ నియమము వెనుకనున్న నమ్మకము గొప్పది. మాటలాడలేని స్థితిలో చిక్కిన రోగి తన దేహమును వైద్యుని చేతిలో పెట్టి కన్నులు మూయును. ఆ క్షణమున వైద్యునికి తన కీర్తి, తన పుస్తకము, తన ప్రయోగము ఏదియు జ్ఞప్తికి రాకూడదు. అడుగుటకు వ్యవధి లేదు గనుక, పదుగురు అంగీకరించిన చికిత్సనే చేయవలెను. రసెల్ ఆ వ్యవధి లేమినే తన సౌకర్యముగా మార్చుకొనెను.

మాకు ఈ కథలో అన్నింటికంటె ముఖ్యముగా తోచిన సంగతి యిది. డెన్వర్ క్షతగాత్రునికి ఆపద నిజమైనది, నిమిషములలో తేలునది. వార్ఫునకు అట్టి ఆపద లేదు. ఆతని ప్రాణమునకు గడువు విధించినది గాయము కాదు, వ్రతము. వ్యవధి లేనిచోట, అనుమతి అడుగలేనిచోట ప్రయోగము జరిగినది. కావలసినంత వ్యవధియున్నచోట, అడిగి తెలిసికొని ఆలోచింపవలసినచోట, తొందర జరిగినది. ధర్మము రెండుచోట్లను తలక్రిందులైనది. వైద్యురాలు కెప్టెనునకు చెప్పవలసిన మాట, శవమై రావచ్చునని కాదు. ఈ తొందర యెవరిది యని ఆమె అడుగవలసియుండెను. రోగిదా, ఆచారముదా, తన యంత్రము పనిచేయునో లేదో చూడగోరు రసెల్‌దా? ఆ ప్రశ్న అడుగలేదు గనుకనే ఆమె చివరకు వాదమున నోడిపోయి, తాను తొలగించిన రసెల్‌తోనే కలిసి అదే శస్త్రచికిత్సకు పూనుకొనెను. పేరులేని యా రోగి మరణము ఆ నిర్ణయమునకు అడ్డము రాలేదు. నౌకాధికారికి ప్రాణమొకటి, ఓడ ప్రయాణికునికి ప్రాణమొకటి యన్నట్లు కథ నడచిపోవును. లారే నియమమునకు ఇంతకంటె విరుద్ధ మేమి కలదు?

వైకల్యము విషయమున కథ చేసిన లోపము మరింత విచిత్రము. వార్ఫ్ గాయపడునపుడు ఆతని ప్రక్కన నిలిచియుండి, చీట్లాటగూర్చి సరసమాడుచున్నవాడు ఎవరు? జోర్డీ లాఫోర్జ్, ఆ నౌకకు ప్రధానయంత్రశిల్పి, పుట్టుగ్రుడ్డి. కన్నులకు తగిలించుకొన్న సాధనముతో ఆతడు లోకమును చూచును. తన సాధనమునకు చీట్ల వెనుకభాగము గూడ కనబడునని అప్పుడే వార్ఫునకు చెప్పి నవ్వించినవాడు. తక్కువయైన యింద్రియమునకు యంత్రమును తోడు చేసికొని, నౌకకంతకు అన్నము పెట్టు యంత్రశాలను ఏలుచున్న మనిషి కన్నులయెదుట నుండగా, యంత్రసాధనముతో నడుచుట సిగ్గు అను రోగి మాటకు బదులు చెప్పుటకు ఆతనిని ఒక్కడైనను పిలువలేదు. కెప్టెనునకు తోచలేదు, వైద్యురాలికి తోచలేదు, రచయితకును తోచలేదు. వైకల్యముతో బ్రతుకువాడు ఆ రోగిమంచము దరికి రాలేదు. వైకల్యముగూర్చి మాటలాడినవారందరు కాళ్లున్నవారే. తొలిరంగమున నున్న పాత్రను ఇట్లు మరచుట కేవలము రచనాదోషమని మేము తలపము. వైకల్యమును సమస్యగా చూచు కన్నులకు, వికలాంగుడు తెలిసినవాడుగా కనబడడు.

ఈ సందర్భమున అదే దేశమున, ఈ కథకు మూడేండ్ల పూర్వము జరిగిన యొక వ్యాజ్యము తలపునకు వచ్చును. జార్జియా రాష్ట్రమున లారీ మెకాఫీ అను యువకుడు 1985లో మోటారుసైకిలు ప్రమాదమున మెడనుండి క్రిందికంతయు చచ్చుబడి, శ్వాసయంత్రముపై బ్రతుకుచుండెను. ఆ యంత్రమును ఆపుకొను హక్కు తనకీయవలెనని న్యాయస్థానము నర్థింపగా, రాష్ట్రోన్నతన్యాయస్థానము 1989లో ఆ హక్కును ఆతనికి ఒసగెను. కాని ఆతడు ఆ హక్కును వాడుకొనలేదు. వైద్యశాలనుండి వైద్యశాలకు త్రిప్పబడు బ్రతుకు మాని, ఇల్లువంటి చోట తోడును సాధనములును దొరకగానే జీవింపనెంచెను, 1995వరకు జీవించెను. ఆతడు వద్దనుకొన్నది ప్రాణమును కాదు, ఆ బ్రతికించు తీరును. పికార్డ్ చెప్పిన జీవితకాలపు దూరమును ఈతడు నడిచెను. నడచుటకు ఆతనికి కావలసినది ఒప్పుదల కాదు, ఒంటరితనము పోవుట. హక్కు నిచ్చిన న్యాయస్థానమును మేము తప్పుపట్టము. హక్కు లేనిదే ఆతని జీవనేచ్ఛయు ఆతనిది కాకపోయెడిది. మేము చెప్పునది, హక్కుతోబాటు వ్యవధియు తోడును ఈయవలెనని.

శస్త్రచికిత్స జరుగును. క్రొత్త వెన్నెముకను అమర్చుదురు. గుండె ఆగును, ఎంత ప్రయత్నించినను కొట్టుకొనదు, వార్ఫ్ మరణించెనని క్రషర్ ప్రకటించును. కొడుకు వచ్చి తండ్రి దేహముపై పడి యేడ్చును. ఇంతవరకు కథ నిజాయితీగలది. చూచువాడు కెప్టెను వాదమునకు చెల్లించిన వెలను అప్పుడే లెక్కవేసికొనుచుండును. అంతలో శవమున చలనము కనబడును! క్లింగాను దేహమున ప్రతి యంగమునకును మారు అంగముండునట. రెండు కాలేయములు, ఎనిమిది గదుల గుండె, ఇరువదిమూడు ప్రక్కటెముకలు గల దేహమట. నరములకును అట్టి మారుమార్గ మేదో యుండి ఆతనిని లేవనెత్తెనట. ముందు ఒక సంభాషణలో ఈ దేహవైచిత్ర్యమును చెప్పియుంచిరి గనుక ఇది మోసము కాదని కొందరు సమర్థింతురు. విత్తు వేసిన మాట నిజమే. కాని నాటకమున ప్రశ్న నీతిది, సమాధానము శరీరశాస్త్రముది. సావిత్రి తన మాటలతో యముని గెలిచెను. వార్ఫ్ అదనపు అంగములతో గెలిచెను. ఈ లేవడము చేత కెప్టెను ఒప్పనియు తేలలేదు, వైద్యురాలు తప్పనియు తేలలేదు. ఇరువురును తమ మాటకు జవాబు చెప్పుకొనవలసిన పని మాత్రము తప్పినది.

రచయితకును ఈ సంగతి తెలియకపోలేదని తోచును. ముగింపునకు ముందు క్రషర్ రసెల్‌ను పిలిచి, నీవు జూదమాడితివి, గెలిచితివి, నీ రోగులందరును ఇంత అదృష్టవంతులు కారు అను భావముతో కఠినముగా మాటలాడును. మంచి మాటలే. అయితే ఆ జూదమున తానును పాచిక వేసినదను సంగతి ఆమె నోట రాదు. కెప్టెను ఆ గదిలో లేనేలేడు. నచ్చజెప్పినవాడు ఫలితమునకు బాధ్యుడా కాదా యను ప్రశ్నను కథ నెమ్మదిగా తలుపు వేసి విడిచిపెట్టినది. కడపటి దృశ్యమున వార్ఫ్ క్రొత్త నడక నేర్చుచు తూలిపడబోవును. ఎన్నడును పరులసాయ మెరుగని యాతడు కొడుకు చేతిని పట్టుకొనును. ఆ దృశ్యము మాకు నచ్చినది. యంత్రసాధనములతో నడచు తండ్రి ఆ చేతిని పట్టుకొనియుండినచో మరింత నచ్చెడిది.

మన గృహములలో ఈ కథను చూచువారికి కెప్టెను పాత్ర దూరపువాడు కాడు. రోగి లోపలి గదిలో నుండగా, వసారాలో వైద్యునిచుట్టు మూగి, ఆమెతో చెప్పకుడు, ఆమె తట్టుకొనలేదు అను అన్నగారో, మామగారో, పెనిమిటియో ఆ నౌకకు అధ్యక్షుడే. ఆమెను ఎరిగినవాడనను ధైర్యముతో ఆమె మాటను తానే పలుకును. ఢిల్లీలో ఒక స్త్రీ పరీక్షార్థము మత్తుమందు పుచ్చుకొని తెలివిలేక యుండగా, వెలుపలనున్న తల్లి సమ్మతి గైకొని ఆమె గర్భాశయమును, అండాశయములను తొలగించిరి. ఆ వ్యాజ్యమున 2008లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రతియింటను చదువదగినది. ప్రాణాపాయము లేనప్పుడు, తెలివిగల వయస్కురాలి దేహముపై ఆమె తల్లి సమ్మతియైనను చెల్లదనియు, ఆమె లేచువరకు ఆగి అడుగవలసినదనియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. అదే న్యాయస్థానము అంతకుముందు 1989లో, ప్రమాదమున గాయపడి వచ్చినవానికి పోలీసు కాగితములకై కాచుకొనక తక్షణమే చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధియని చెప్పియుండెను. ఆగరానిచోట ఆగకుండుట, ఆగదగినచోట ఆగుట – ఈ రెండు తీర్పులును కలిపి చదివినచో, ఎంటర్‌ప్రైజ్ వైద్యశాలలో ఏది కొరవడినదో తెలియును.

అదే నక్షత్రకథాపరంపరలో ఏడేండ్లకు, 1999లో, “స్టార్ ట్రెక్: వాయేజర్” అను మరియొక ధారావాహికయందు “లేటెంట్ ఇమేజ్” అను కథ వచ్చెను. అందలి వైద్యుడు మనుష్యుడు కాడు. కాంతితో రూపు కట్టబడిన యంత్రపురుషుడు. ఇరువురు క్షతగాత్రులు ఒక్కమారు వచ్చిరి. ఇరువురకును బ్రతుకు అవకాశము సమానము. ఒక్కరికి మాత్రమే చికిత్స చేయుటకు వ్యవధి. వైద్యుడు తన మిత్రుని ఎన్నుకొనెను. రెండవది, ఒక పడుచు ఉద్యోగిని, మరణించెను. స్నేహముచేత ఎన్నుకొంటినా యను చింత ఆతనిని పిచ్చివానిగా చేయగా, నౌకాధ్యక్షురాలు జేన్‌వే ఆతని జ్ఞాపకములనుండి ఆ ఘటనను తుడిపించివేసెను. ఆతనిని అడుగలేదు. నెలలు గడచిన పిదప వైద్యుడు ఆ సంగతి కనిపెట్టి నిలదీయును. ఇచ్చట రోగి వైద్యుడే. చికిత్స చేసినది కెప్టెను. ఆ చికిత్స దొంగతనము. చెడిన యంత్రమును బాగుచేసితినని ఆమె మొదట సమాధానపడ జూచును. ఆమెతో వాదించి, ఆ సమాధానమును కూలద్రోయునది నౌకలో అందరికంటె యంత్రమునకు దగ్గరగా బ్రతికిన స్త్రీ, సెవెన్ ఆఫ్ నైన్. ఎంటర్‌ప్రైజ్‌లో జోర్డీకి దక్కని మాట ఇక్కడ ఈమెకు దక్కినది.

ఈ కథలో అద్భుతము జరుగదు. చచ్చినది లేవదు, వైద్యుని చింతకు మందు దొరకదు. జేన్‌వే తాను తుడిచిన జ్ఞాపకమును ఆతనికి తిరిగి యిచ్చి, ఆతడు ఆ బాధతో కలియబడుచుండగా ఆతని దాపున కూర్చుండును. పగళ్లు, రాత్రులు, వంతులు వేసికొని నౌకలోనివారందరు అట్లే కూర్చుందురు. ఆమె చేతిలో డాంటే రచించిన “లా వీటా నువోవా” అను పుస్తకము. చదువుచు నిద్రపోవును. వైద్యుడు తన గోడుననే యుండి, నడుమ తలయెత్తి ఆమెను చూచి, నీకు జ్వరము తగిలినది, పోయి పండుకొనుమని చెప్పును. ఆమె లేచి పోవును. ఆతడు ఆ పుస్తకమును తీసికొని బిగ్గరగా చదువ నారంభించును.